దారిలో కొందాం అత్తయ్యా

స్వెట్టర్లు ఊళ్ళోనే కొనాలా, దారిలో కొనుక్కోవాలా అన్న ఒక్క ముక్క దగ్గర నేనూ నా కోడలూ మూడు వారాలు కీచులాడుకున్నాం. ఆ కీచులాట తేలేసరికి మా ఇంట్లో ఒక చెవి పోయింది, ఒక చెయ్యి పోయింది. తప్పు నాది. ముందే ఒప్పుకుంటున్నాను. చివరిదాకా విని అప్పుడు తిట్టడం కన్నా, ఇప్పటినుంచే తిట్టుకుంటూ వినండి.

మాది పరుపులు, దిండ్లు కుట్టే ఇల్లు. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. కొట్లో దూది ఏకే మిషను, ఒక గోడకి దూది మూటలు, ఇంకో గోడకి కుట్టడం అయిపోయిన దిండ్ల గుట్ట. ఏ గదిలో ఏ గిన్నె పెట్టినా సాయంత్రానికి దానిమీద తెల్లటి నూగు పేరుకుంటుంది. మేం తినే అన్నంలో దూది, పీల్చే గాలిలో దూది. నా మొగుడు పోయాక పదిహేనేళ్ళు నేనే నడిపాను. కొడుకు చేతికి అందివచ్చాక వాడికి వదిలేశాను. పనిలో వాడికి వంక పెట్టడానికి లేదు. దిండు అరచేత్తో ఎత్తి, ఇందులో దూది ఇంత తక్కువ పడింది అని చెప్పేస్తాడు. తక్కెడలో వేసి చూస్తే అంతే ఉంటుంది. ఆ విద్య నేర్పింది నేనే. అదే చెయ్యి తొమ్మిదేళ్ళుగా పెళ్ళాం మీద లేస్తోంది. అది మాత్రం నేను నేర్పలేదు. కానీ ఆపనూ లేదు.

వాడు కొడుతుంటే నేను వెనకగదిలో దిండు గలీబులు మడత పెడుతూ కూర్చునేదాన్ని. ఒకటికి రెండుసార్లు మడత పెట్టేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకు అనుకున్నాను. నాకెందుకు అనుకోవడానికి ఎంత సిగ్గులేకపోవాలో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఏడు వానలు వెనకపట్టి, చలి ఇంకా మొహం చూపించని రోజులు. అందరూ పరుపులు విప్పించి దూది మళ్ళీ ఏకించుకునే కాలం. మాకు తల గోక్కునే తీరిక ఉండదు. ఒకరోజు పొద్దున్నే పరుపు మీద దూది కదలకుండా వేసే టాకాలు వంకరగా పడ్డాయని వాడు కోడల్ని నిలదీశాడు. అది, "చీకట్లో వేశాను, విప్పి మళ్ళీ వేస్తాను" అంది. అంతే. దూది దులిపే బెత్తం తీశాడు. నేను యథాప్రకారం గలీబులు మడతపెడుతున్నాను.

వాళ్ళకొక కూతురు. ఏడేళ్ళది. మేమంతా పిడుగు అంటాం. పుట్టినప్పటినుంచీ ఆయాసం, అయినా పేరుకు తగ్గదే. అది పరుగెత్తుకెళ్ళి వాళ్ళ నాన్న ముంజేతిని కరిచి పట్టుకుంది. వాడు విదిలించాడు, వదల్లేదు. అప్పుడు వాడు దాని మెడ పట్టుకుని, పక్కనే ఏకి పోసిన దూది గుట్టలోకి మొహం అదిమి, "కరుస్తావా, ఇప్పుడు కరువు, ఇప్పుడు కరువు" అంటూ పట్టుకున్నాడు.

చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిపోవడమే నన్ను లేపింది. వచ్చి చూసేసరికి పిల్ల కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నేను వాడి జుట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజాను. చేతుల్లోకి వెంట్రుకలు వచ్చేశాయి గానీ వాడు వదిలాడు. పిల్ల పెదాలు నేరేడుపళ్ళ రంగులో ఉన్నాయి. కోడలు దాని నోట్లోంచి, ముక్కులోంచి తడిసిన దూది లాగుతోంది. వాడు మాత్రం బెత్తం గోడకి ఆనించి, "ఊరికే బెదిరించానంతే, మీ ఏడుపులొకటి" అని టీ తాగడానికి బయటికి పోయాడు.

పిల్లని ఎత్తుకుని వీధి చివర మందుల షాపుకి పరుగెత్తాం. షాపు నడిపే ఆవిడ పాతికేళ్ళుగా తెలిసిన మనిషి. పీల్చే మందు మూతికి ఆనించి లోపలికి పీల్పించి, పిల్ల ఊపిరి సర్దుకున్నాక నాకేసి చూసి, "పెద్దమ్మా, ఈ దూదిలో ఈ పిల్ల బతకదు. దూదిలో అంటున్నాను. మిగతాది మీకే తెలియాలి" అంది.

తిరిగి వస్తూ నడిరోడ్డు మీద ఆగి కోడలితో అన్నాను, "నువ్వెళ్ళిపోవే."

"ఎక్కడికి అత్తయ్యా?"

"మీ అక్క దగ్గరికి. రమ్మని ఏడాదినుంచీ పిలుస్తోందన్నావుగా."

అది పిల్లని భుజం మార్చుకుని, నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మీ నోటితో మీరే అంటున్నారా?" అంది.

"నా నోటితోనే. మళ్ళీ అడక్కు, మనసు మారుతుంది" అన్నాను. మారదని నాకు తెలుసు.

దాని అక్క కొండల్లో ఒక బడి హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడ ఇంకో మనిషికి పని ఉంది, ఉండటానికి గది ఉంది, గాలి శుభ్రం. కానీ చలి. మామూలు చలి కాదు, బకెట్లో నీళ్ళు పొద్దుటికి గడ్డకట్టే చలి. మా ఊళ్ళో స్వెట్టరు తొడుక్కునేవాళ్ళు అరుదు. ప్రయాణం రెండు రాత్రులూ ఒక పగలూ రైలు. తెల్లవారుజామున నాలుగింటికి కొండ కింద దింపుతుంది. అయిదింటికి బస్సు. ఆ బస్సు ఏడుగంటలు ఎక్కుతూనే ఉంటుంది. ఇవన్నీ మందుల షాపావిడ ఫోన్లోంచి అక్కతో మాట్లాడి కనుక్కున్నాం.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది మా రభస. మందుల షాపావిడ, "చలిగాలి ఒక్కసారిగా తగిలితే ఈ పిల్ల ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి, ఛాతీ వెచ్చగా ఉంచండి" అని ఒక మాట అంది. ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది.

"స్వెట్టర్లు ఇక్కడే కొనాలి" అన్నాను.

"దారిలో కొందాం అత్తయ్యా" అంది కోడలు. "కొండ కింద ఊళ్ళో కోట్లమ్మే వీధే ఉందట. అక్క చెప్పింది."

"నాలుగింటికి ఏ కొట్టువాడు తెరుచుకు కూర్చుంటాడే నీకోసం?"

"ఎవరో ఒకరు ఉంటారు."

"ఆహా, ఉంటాడు. మీ మేనమామ ఉంటాడు, టీ కాచిపెట్టుకుని."

అది నవ్వింది. పెదవి చిట్లి ఉంది, నవ్వితే నెత్తురు చిమ్మింది, కొంగుతో అద్దుకుంది. "ఇక్కడ ఎక్కడ కొంటారు? మన ఊళ్ళో ఉన్నిబట్టలు అమ్మేది ఒక్క గొర్రేనాయె" అంది.

ఏడాది పొడుగునా ఉన్నిబట్టల మధ్య కూర్చుంటాడని ఆ కొట్టువాడికి ఊరంతా గొర్రె అని పేరు పెట్టింది. వాడు నా కొడుక్కి పేకాట జత. నేను వాడి మెట్టెక్కితే నేను దిగకముందే కబురు నా ఇంటికి చేరుతుంది.

"పక్క ఊరు పోతాను. పరుపుగుడ్డ కావాలని చెప్పి బస్సెక్కుతాను."

"తెస్తారు సరే. ఎక్కడ పెడతారు?" అంది. నవ్వు పోయింది. "ఈ ఇంట్లో అగ్గిపెట్టంత వస్తువు దాచుకునే చోటు నాకు లేదత్తయ్యా. రోజు మార్చి రోజు ఆయన పెట్టెలు బోర్లిస్తారు. ఏం వెతుకుతారో ఆయనకే తెలీదు. చలైతే ఎలాగో ఓర్చుకుంటాం. ఒక దుప్పటి చుట్టుకుంటాం. ఆయన కంట పడితే మాత్రం ప్రాణాలతో కదలనివ్వరు."

"నువ్వు ఓర్చుకుంటావు. పిల్ల ఓర్చుకుంటుందా? ఏడు గంటల బస్సులో దానికి ఊపిరాడకపోతే ఏం చేస్తావు? కిందికి దింపి నడిపిస్తావా?"

అది పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. నాకున్న జబ్బు అదే, ఎదుటివాళ్ళకి జవాబు దొరక్కపోతే నేను గెలిచాననుకుంటాను.

ఆ మూడు వారాలూ ఇదే పాట. పప్పు రుబ్బుతూ, దూది విడదీస్తూ, బావి దగ్గర గలీబులు పిండుతూ, గుసగుసగా, పళ్ళ బిగువున పోట్లాడుకునేవాళ్ళం. అది దారిలో అంటుంది, నేను ఇక్కడే అంటాను. మధ్యలో వాడు వస్తే ఇద్దరం నోళ్ళు మూసుకుంటాం. ఒకసారి మమ్మల్ని అలా చూసి వాడికి అనుమానం పుట్టింది. "ఏంటి అత్తాకోడళ్ళు ఒకటైపోయారు?" అని కోడలి జడ పట్టుకుని నేల మీద గుమ్మం దాకా ఈడ్చాడు. "ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పు." అది చెప్పలేదు. గడప అంచు తగిలి నుదురు పగిలింది. ఆ నెత్తురు కడిగి పసుపు అద్దుతుంటే కూడా అది నా చెవిలో, "దారిలోనే కొందాం" అంది. నేను కూడా తక్కువ తిన్నానా, "నోరుమూసుకో, రేపే వెళ్తున్నాను" అన్నాను.

వెళ్ళాను. చెమటలు కారే ఎండలో రెండు స్వెట్టర్లు కొన్నాను. కొట్టువాడు, "ఏం పెద్దమ్మా, చలేస్తోందా?" అని వెటకారమాడాడు. "నా చుట్టాలు కొండల్లో ఉంటార్లే, నీలాగా పొయ్యిలో ఉండరు" అన్నాను. పెద్దది గోధుమరంగు. చిన్నది ఎర్రది, తలకి టోపీ కూడా దానికే కుట్టి ఉంది. పరుపుగుడ్డ తానులో చుట్టి ఇంటికి తెచ్చాను.

కోడలు చూసి మొహం మాడ్చుకుంది. కానీ చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని చెంపకి ఆనించుకుంది. ఎంతసేపు ఆనించుకుందో, నేనే గుంజుకోవాల్సి వచ్చింది. "పిల్లకి ఒక్కసారి తొడిగి చూద్దామా?" అంది.

"వద్దు. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

దాచే చోటు నేను బస్సులోనే ఆలోచించుకున్నాను. వాడు పెట్టెలు వెతుకుతాడు, అటకమీద వెతుకుతాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెడతాడు. దిండ్ల గుట్టలో వెతకడు. అది వాడి కళ్ళకి సరుకు. రెండు దిండ్లలో సగం దూది తీసి, ఒక్కోదాంట్లో ఒక్కో స్వెట్టరు మడత పెట్టి, చుట్టూ దూది కూరి, మూతి కుట్టేశాను. ముప్పై ఏళ్ళు కుట్టిన చెయ్యి. గుండ్రంగా, నిండుగా, మిగతావాటికీ వీటికీ తేడా బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. గుట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. వాడు దూది బేళ్ళు తేవడానికి మిల్లుకి వెళ్ళే రోజు నాలుగు రోజుల్లో ఉంది. ఆ పొద్దున దిండ్లు విప్పడం, సాయంత్రం రైలెక్కడం.

నిండుగా ఉందా లేదా అని చూశాను. బరువు చూడలేదు. అంతే నేను చేసింది. వంటవాడు ఉప్పు మర్చిపోయినట్టు, ముప్పై ఏళ్ళు దిండ్లు కుట్టినదాన్ని బరువు మర్చిపోయాను.

రెండు రోజులు గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం ఒక లాడ్జికి నలభై దిండ్లు వెయ్యాలి. వాడు గుట్టలోంచి ఒక్కోటీ తీసి, అరచేత్తో ఎత్తి చూసి, వాకిట్లో రిక్షాబండి మీదికి విసురుతున్నాడు. నలభై అయ్యాక లాడ్జివాడు ఫోన్ చేశాడు, ఇంకో ఆరు కావాలని. గుట్ట అడుక్కి వచ్చేసింది.

"అవి వద్దురా" అన్నాను. "వాటి కుట్టు సరిగ్గా రాలేదు. పక్కన పెట్టు."

ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది. నా కుట్టు సరిగ్గా రాకపోవడం వాడు పుట్టి ఎరగడు.

దిండు ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. "ఇందులో ఏం పెట్టావమ్మా?" అన్నాడు, ఎంతో మామూలుగా. బ్లేడుతో మూతి కోసి, లోపలికి చెయ్యి పోనిచ్చి, ఎర్ర స్వెట్టరు బయటికి లాగాడు. ఒళ్ళో పరుచుకుని దానికి అంటుకున్న దూది వేళ్ళతో మెల్లగా ఏరాడు.

"గిరాకీవాళ్ళదిరా. పాతబట్టలు కుక్కించుకుంటారుగా కొందరు" అన్నాను.

"చీటీ కూడా విప్పలేదు" అని మెడ దగ్గర వేలాడుతున్న కొట్టు చీటీ నాకు చూపించాడు. రెండో దిండు కూడా కోశాడు. పెద్దదాన్ని, చిన్నదాన్ని పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "తల్లికొకటి, పిల్లకొకటి. నాకు లేదన్నమాట. వదినగారింటికేనా?"

వంటగదిలోంచి కోడలు వచ్చింది. స్వెట్టర్లు చూసింది. ముందు వెనక్కి వెళ్ళి, పిల్ల పడుకున్న గదికి బయటనుంచి గడియ పెట్టి, అప్పుడు వచ్చి నిలబడింది. అరవలేదు, పారిపోలేదు. ఏం జరుగుతుందో మా ఇద్దరికన్నా దానికే బాగా తెలుసు.

మొదటి దెబ్బ అరచేత్తో, ఎడమ చెవి మీద. పటాసు పేలినట్టు మోగింది. అది పక్కకి ఒరిగి మిషను అంచు మీద పడి, అక్కణ్ణుంచి నేలమీద పడింది. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి దిగింది. వాడు బెత్తం తీశాడు. వీపు మీద, తొడల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద. బెత్తం విరిగింది. కాలితో మొదలుపెట్టాడు. నేను మధ్యలో దూరాను. ఈసారి గలీబులు మడతపెట్టలేదు, అదొక్కటే నాకు దక్కింది. వాడు నన్ను ఒక చేత్తో ఎత్తి గోడకేసి కొట్టాడు. లేచి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ కొట్టాడు. లోపలినుంచి పిల్ల తలుపు బాదుతోంది.

"దారిలో కొందాం అన్నాను" అంది కోడలు, నేలమీదనుంచి, నాతో. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

వాడు దాని జుట్టు పట్టుకుని మిషను దగ్గరికి లాక్కెళ్ళాడు. "అమ్మా, మిషను వెయ్యి."

"ఎందుకురా?"

"ఈ స్వెట్టర్లు ఏకి పరుపులో పోద్దాం. చలి పెడుతోందన్నారుగా. వెయ్యమంటున్నాను. లేకపోతే నేనే వేసి, ముందు దీని జుట్టు పెడతాను."

జుట్టు కన్నా స్వెట్టర్లు పోవడం నయమనుకున్నాను. వెళ్ళి స్విచ్చు వేశాను.

మా పనిలో మిషను దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. ఒకరు దూది పెట్టాలి. రెండోవాళ్ళు స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండా, పెట్టేవాళ్ళ వేళ్ళనే చూస్తూ నిలబడాలి. కబుర్లు చెప్పకూడదు, తల తిప్పకూడదు. లోపల ఇనప ముళ్ళ డ్రమ్ము తిరుగుతుంది. విడి దూది అయితే చీలిపోతుంది. నూలైనా ఉన్నైనా పేనిన పోగు మాత్రం తెగదు, చుట్టుకుంటుంది. చుట్టుకుంటే దాని వెనక ఏదుంటే అది లోపలికి వస్తుంది. అందుకని దారం ముక్క కూడా మిషను దరిదాపుల్లోకి రానివ్వం. ఇవన్నీ వాడికి పదేళ్ళప్పుడే నూరిపోశాను. కానీ ఆ పూట వాడికి కళ్ళు నెత్తి మీద ఉన్నాయి.

ఎడమచేతిలో కోడలి జుట్టు. పెద్ద స్వెట్టరు చేతుల్లో ఒకదాన్ని కుడి పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని, స్వెట్టరు రెండో చేతిని మిషన్లో పెట్టాడు. ముళ్ళు పట్టుకున్నాయి. ఒక్క గుంజు గుంజింది. వాడికి పిడికిలి విప్పుకునే వ్యవధి దొరకలేదు. కోడలి జుట్టు వదిలేశాడు.

"అమ్మా, ఆపు" అన్నాడు.

నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది. వాడి వేళ్ళే చూస్తున్నాను. కోడలితో చెప్పాను, "పిల్ల గది గడియ తియ్యి. చెప్పులు వేసుకోండి. మందు మర్చిపోకు."

ఆ మూడు మాటలూ అయ్యాక స్విచ్చు ఆపాను.

అది గడియ తీసింది. పిల్ల కళ్ళకి కొంగు అడ్డం పెట్టి, ఎత్తుకుని, వాడి పక్కనుంచే గుమ్మం దాటింది. పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా, నెత్తుటి మెడతో స్టేషను వైపు నడిచింది. ఎవరూ ఆపలేదు. అందరూ మా కొట్లోంచి వస్తున్న కేకల వైపు పరుగెత్తుకొస్తున్నారు. ఒంటి మీద నూలుబట్టలు, పీల్చే మందు, వీధి చివర మందుల షాపావిడ చేతిలో కుక్కిన డబ్బు తప్ప ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. నేను కొన్న స్వెట్టర్లలో ఒకటి వాడి చేతికి చుట్టుకుని ఉంది, ఇంకోటి నెత్తుట్లో ఉంది.

ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. పోలీసులు వచ్చి అడిగితే, "మిషన్లో పడింది నాయనా" అన్నాను. ఊరంతా నన్నే ఓదార్చింది. పెద్దావిడ కంగారుపడిపోయి ఉంటుంది పాపం, స్విచ్చు కనబడి ఉండదు అన్నారు. గొర్రె కూడా వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వాడికి గంజి తాగిస్తూ, కట్టు మార్పిస్తూ, అయిదు రోజులు నేను చూసింది ఆసుపత్రి వరండాని కాదు. కొండెక్కే ఆ బస్సుని. కిటికీ సందుల్లోంచి చలిగాలి, పిల్ల పెదాలు మళ్ళీ నేరేడుపళ్ళ రంగులోకి తిరగడం, కోడలు దాని ఛాతీని రెండు చేతులతో రుద్దడం. ఆరోరోజు మందుల షాపావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఒక్క నిమిషం" అంది కోడలు. "ఈ చెవిలో వినబడటం లేదు, అటు మార్చుకుంటాను. ఆఁ, చెప్పండి."

"పిల్లేదీ?"

"హాస్టలు పిల్లలతో ఆడుతోంది. బాగానే ఉంది. ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు."

నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. "చలికి ఏం చేశారే?" అన్నాను.

"కొన్నాం" అంది.

"నాలుగింటికి ఎక్కడ దొరికాయే?"

"స్టేషన్లోనే అత్తయ్యా. రైలు ఆగకముందే కిటికీల దగ్గరికి వచ్చేశారు, భుజాలనిండా స్వెట్టర్లు వేసుకుని. ఆ రైల్లో దిగేవాళ్ళందరూ మనలాంటివాళ్ళేనట, ఉత్త బట్టలతో వస్తారట. ఆ వేళప్పుడు అక్కడ పెద్ద సంత. పిల్లకి టోపీ కూడా కొసరిచ్చారు."

నేను చెప్పాను కదా అని అది అనలేదు. అని ఉంటే బాగుండేది. కడుపారా నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మెట్ల మీద కూర్చుని నా తల నేనే బాదుకున్నాను. వచ్చేపోయేవాళ్ళు, కొడుక్కి చెయ్యి పోయింది కదా, ఏడుస్తోంది అనుకుని ఉంటారు. నా పంతం కోసం, నాకే అన్నీ తెలుసన్న పొగరు కోసం, దాని చెవి తీసుకెళ్ళి వాడి అరచేతి కింద పెట్టాను. అది చెప్పినట్టు దుప్పటి చుట్టుకుని పోనిచ్చి ఉంటే, వాడు మిల్లునుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉండేది. ఒక్క నెత్తుటి బొట్టు రాలేది కాదు.

"ఆయనకి ఎలా ఉంది?" అని అడిగింది.

"బతికాడు. చెయ్యి లేదు."

అవతల ఏదో గిన్నె పడిన చప్పుడు, పిల్లల అరుపులు వినబడ్డాయి. "మీరు కూడా వచ్చెయ్యండి" అంది. "ఇక్కడ ముగ్గురికి చోటుంది."

"వాడికి అన్నం ఎవరు కలిపి పెడతారే?" అన్నాను. ఫోన్ పెట్టేసే ముందు అది, "ఒంటి మీదికి ఏమన్నా వేసుకోండి, మీక్కూడా చలికాలం వస్తుంది" అంది. మా ఊళ్ళో చలేమిటి, పిచ్చి మొహం.

వాణ్ణి ఇంటికి తెచ్చాను. పది రోజులు వాడు నాతో మాట్లాడలేదు, గోడ చూస్తూ పడుకున్నాడు. పదకొండో రోజు పొద్దున చొక్కా తొడుగుతుంటే అడిగాడు.

"స్విచ్చు దగ్గర నువ్వే ఉన్నావు."

"ఉన్నాను."

"కనబడలేదా?"

ఊరు నాకు జవాబు తయారు చేసి పెట్టే ఉంచింది. కంగారుపడ్డానురా అంటే సరిపోయేది. వాడు కూడా అదే వినాలనుకుంటున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. వాడి మొహం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఉన్నట్టు ఉంది.

"కనబడుతూనే ఉందిరా" అన్నాను.

కిందనుంచి ఒక్కో గుండీ పెట్టుకుంటూ వచ్చాను. మెడ దగ్గర గుండీ మిగిలింది. దాని కోసం చెయ్యి పైకెత్తాను. తలుపంత మనిషి, నా కొడుకు, భుజాలు దగ్గరికి ముడుచుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

చెయ్యి వెంటనే దించలేదు. ఆ గుండీ కూడా పెట్టి, కాలరు సర్ది, వాడికి అన్నం కలపడానికి వంటగదిలోకి వెళ్ళాను.